లూజు ఎవరిది?

"కారు తాళం ఇటివ్వు నాన్నా," అంది కూతురు, కారుషెడ్డు గుమ్మంలో చెయ్యి చాపి.

రోజూ గోడకున్న మేకుకు వేలాడే తాళాన్ని పెద్దాయన ఆ సాయంత్రం చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఇప్పుడది తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. అదే ఆయన జవాబు.

ఆయన కారు ఆయన పెళ్లికంటే ఏడాది పెద్దది. కొత్తలో బానెట్ మీద టీ గ్లాసు పెట్టి తోలితే ఊరి చివరిదాకా చుక్క తొణికేది కాదని చెబుతాడు. గ్లాసు అంచున వాలిన ఈగ నిద్రపోయేదని కూడా చెబుతాడు, వినేవాళ్లు ఓపికమంతులైతే. ఇప్పుడు మాత్రం స్టీరింగు తిప్పితే చక్రం కాసేపు ఆలోచించుకుని గానీ కదలడం లేదు.

"లూజు కారుది కాదు, నీ చేతులది," అంది పక్కవీధిలో ఉండే ఆ కూతురు. "సీటు చూడు, ఎంత ముందుకు జరిపావో. కాళ్లు అందడం లేదన్నమాట. అద్దం చూడు, ఎంత కిందికి వంచావో. నడుం నిలవడం లేదన్నమాట. మొన్న కారుతో గుద్ది పూలకుండీ కూడా పగలగొట్టావు."

"నేనా? నాకు గుర్తు లేదే."

"గుర్తు లేకపోవడమే నా భయం."

పెద్దాయన మనసులో లెక్క వేసుకున్నాడు. ఆయన కారు తీసేది పొద్దున కూరగాయలకి. మధ్యాహ్నం నడిచి క్లబ్బుకెళ్లి చదరంగం ఆడి వస్తాడు. సీటు రోజూ వెనక్కి నెడుతున్నాడు, మర్నాటికి మళ్లీ ముందుకొస్తోంది. ఎప్పుడు జరుపుతున్నాడో ఆయనకే తెలియడం లేదు. గుండెలో కూడా ఏదో నట్టు లూజయినట్టనిపించి భార్య వైపు చూశాడు.

ఆవిడ పగిలిన కుండీలోని మొక్కను కొత్త కుండీలో నాటుతోంది. "కుండీయే కదా, పోనీలెండి," అంది తలెత్తకుండా.

"సరే, గ్రీజు చెప్పిందే తీర్పు," అన్నాడు పెద్దాయన. "జబ్బు కారుదైతే తాళం నాది. నాదైతే నీది."

గ్రీజు అంటే వీధి చివరి మెకానిక్. సంచీ భుజాన వేసుకుని రానే వచ్చాడు.

"ఏం బాబాయ్, మళ్లీ అలిగిందా?"

"అలిగింది కారో, నా చేతులో తేల్చడానికే నిన్ను పిలిచాం."

గ్రీజు టైర్లలో గాలి చూశాడు. గోనెపట్టా పరిచి కారు కిందికి దూరాడు. "పైన ఒకరు కూర్చుని స్టీరింగు కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. కింద ఏ కీలు దగ్గర కదలిక ఆగిపోతే అక్కడే దొంగ."

"ఆ దొంగను నేనూ చూస్తాను," అని పెద్దాయన పక్కనే దూరాడు.

"మీరిద్దరూ ఒకటే పార్టీ," అంటూ కూతురూ వంగింది.

ఇక పైన కూర్చోడానికి మిగిలింది ఒక్కరే. "నువ్వు రావే," అని పెద్దాయన భార్యను కేకేశాడు. "భయపడకు, ఇంజను ఆపే ఉంది. గుండ్రంగా ఉన్నదాన్ని పట్టుకుంటే చాలు."

ఆవిడ మట్టిచేతులు దులుపుకుని వెళ్లి కూర్చుంది. "ఇటా అండీ?"

"ఆఁ, మెల్లగా. విరగ్గొట్టేవు."

స్టీరింగు కదిలింది. పైనున్న స్టీరింగు పెట్టె గట్టిగానే ఉంది. మధ్య రాడ్డూ బుద్ధిగానే ఉంది. ఎడమచక్రం దగ్గరికి వచ్చేసరికి రాడ్డు కదులుతోంది గానీ చక్రానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఇక్కడ వేలు పెట్టి చూడండి," అన్నాడు గ్రీజు. కూతురు వేలు పెట్టింది. లోపల టకటకమంది.

"రాడ్డునీ చక్రాన్నీ కలిపే బాల్ జాయింట్ అరిగిపోయింది. జబ్బు కారుదే."

పెద్దాయన కారు కిందే పడుకుని పాట అందుకోబోయి, నోట్లో దుమ్ము పడి ఆగాడు.

"కానీ మొన్న మొన్ననే వేశాను దీన్ని. ఇంత తొందరగా అరగకూడదు," అన్నాడు గ్రీజు. కాస్త గొంతు పెంచాడు. "బండి నిలబడి ఉండగా చక్రాలు బలవంతంగా తిప్పితే ఇలాగే అవుతుంది."

పైన స్టీరింగు ఆగిపోయింది.

"నేనే తిప్పి ఉంటాలే," అన్నాడు పెద్దాయన హుషారుగా. ఒళ్లు పట్టుతప్పడంకంటే చెడ్డ అలవాటు వెయ్యిరెట్లు నయమనిపించింది ఆయనకి.

గ్రీజు సంచిలోంచి కొత్త జాయింట్ తీశాడు.

"ముందే తెచ్చుకున్నావే," అంది కూతురు.

"పాత బండి కదక్కా, రోగాలు మనకి తెలిసినవే."

బిగింపు అయ్యాక పెద్దాయన వీధి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. వేలు తిప్పితే చాలు, చక్రం మాట వింటోంది.

"తాళం నీదే నాన్నా," అంది కూతురు నవ్వుతూ.

"టీ గ్లాసు పట్రా, బానెట్ మీద పెట్టి చూపిస్తాను. ఈగను నువ్వే పట్టుకో." ఆ ఊపులోనే భార్య వైపు తిరిగాడు. "రేపట్నించి నీకూ నేర్పుతానే డ్రైవింగు."

"ఈ వయసులో నాకెందుకండీ," అంది ఆవిడ మొక్కకు నీళ్లు పోస్తూ.

తండ్రీకూతుళ్లు గ్లాసు కోసం లోపలికెళ్లారు. గ్రీజు స్పానర్లు సంచిలో వేసుకుని ఆవిడ దగ్గర ఆగి, గొంతు తగ్గించాడు.

"ఆపిన బండికి స్టీరింగు తిప్పొద్దని మొదటి పాఠంలోనే చెప్పానా లేదా పిన్నీ?"