నాలుగింటి కేకు

"ఇవాళ్టితో జోలీన్ ట్రయల్ మూడు వారాలూ అయిపోతాయి. ఆమెను పర్మనెంట్ చేస్తావా లేదా, ఇప్పుడే తేల్చు." ఆఫీసు గది తలుపు కూడా వేయకుండా అడిగేసింది వెర్నా.

బేకరీ యజమాని డ్వైట్ నుదురు రుద్దుకున్నాడు. "ఆమె చేరితే యాభై మందిమవుతాం. యాభై అయితే చట్టం ఊరుకోదు. అందరికీ నేనే హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. కొరివితో తల గోక్కోమంటావా?"

"అందుకేగా ఆరేళ్లుగా నలభై తొమ్మిది దగ్గర గిరి గీసుకుని కూర్చున్నావు. ఆర్డర్లు చూస్తే రెట్టింపయ్యాయి. కేకుల మీద పువ్వులు పెట్టేది నేనొక్కదాన్నే." వెర్నా కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుంది. ప్యాంటు మీంచే వాపు తెలుస్తోంది. "ఇది మార్పించుకోకపోతే వచ్చే చలికాలానికి మంచం దిగలేవన్నాడు డాక్టరు. ఇన్సూరెన్స్ లేకుండా ఆపరేషనంటే ఇల్లు అమ్ముకోవాలి. మీ నాన్న పోయిన రోజు నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? సొంత మనిషిలా చూసుకుంటానన్నావు. ఇదేనా చూసుకోవడం?"

డ్వైట్ లేచి, ఆమె తెరిచే ఉంచిన తలుపు వేశాడు.

"సరే. జోలీన్‌ను తీసుకుంటున్నాను."

వెర్నాకు తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. ఆరేళ్ల పోరు ఇంత తేలిగ్గా తెగుతుందని ఆమె అనుకోలేదు.

"నాలుగింటికి కేకు కోద్దాం. నువ్వే చెయ్యి," అన్నాడు డ్వైట్. "పేరు మాత్రం జోలీన్ చేత రాయించు. ఆమె చెయ్యి కుదిరిందో లేదో నేనూ చూడాలి."

ఆ బేకరీలో ఎవరు కొత్తగా చేరినా, ఎవరు మానేసి వెళ్తున్నా నాలుగింటికి అందరూ బల్ల చుట్టూ చేరి కేకు కోయడం ఆనవాయితీ. కేకు మీద ఆ మనిషి పేరు తప్ప ఇంకేమీ రాయరు.

వెర్నా కుంటుకుంటూనే పని గదికి పరుగు తీసింది. పెళ్లి కేకులకు మాత్రమే పెట్టే గులాబీలు పన్నెండు పెట్టింది. జోలీన్ పక్కనే నిలబడి క్రీము కలుపుతోంది. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్తారు. జోలీన్ పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతపడి ఆమె ఏడుస్తుంటే చూడలేక, ఇక్కడికి తీసుకొచ్చి పని నేర్పింది వెర్నాయే.

"నక్కను తొక్కొచ్చావే అమ్మాయ్. నీ పుణ్యమా అని నా మోకాలికీ మంచి రోజులొచ్చాయి."

జోలీన్ నవ్వలేదు. "పొద్దున డ్వైట్ నన్ను పిలిచాడు."

"తెలుసులే. నాకూ చెప్పాడు. మరి ఆ మొహమేంటి? పేరు రాయడానికే భయమా?"

జోలీన్ గిన్నె దగ్గరికి లాక్కుని క్రీము ఇంకా జోరుగా కలపసాగింది.

నాలుగయింది. పొయ్యిల దగ్గరివాళ్లు, ప్యాకింగ్ వాళ్లు, బండ్లు నడిపేవాళ్లు అందరూ వచ్చారు. "మన యాభయ్యో మనిషి!" అని వెర్నా జోలీన్ భుజం తట్టగానే చప్పట్లు మోగాయి. ఇకనుంచి పిల్లల మందులకు అప్పు చేయక్కర్లేదని ఎవరో అన్నారు. డ్వైట్ చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

వెర్నా కాగితపు పొట్లంలో గులాబీరంగు క్రీము నింపి జోలీన్ చేతికిచ్చింది. "మొదటి అక్షరం పెద్దది. గట్టిగా నొక్కకు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున రాయి, నేను చెప్పినట్టే."

జోలీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా మీద కోపం పెట్టుకోకు వెర్నా. నాకూ ఇల్లు గడవాలి."

"పిచ్చిదానా, నాకెందుకు కోపం? రాయి."

జోలీన్ కేకు మీదికి వంగింది. ఆమె చెయ్యి కొంచెం కూడా వణకలేదు. పన్నెండు గులాబీల మధ్య, వెర్నా నేర్పిన గుండ్రటి అక్షరాలతో ఒక్క ఊపున రాసేసింది: "వెర్నా."