గాలి లేని గొంతు

కొత్తగా బిగించిన సైడు పెట్టెలతో బండి గేటులో ఇరుక్కుంది.

లోపలికి రాదు, బయటికి పోదు.

భార్య గుమ్మంలో నిలబడి తీరిగ్గా చూసింది. టిక్కెట్టు పెట్టి ఇరుగుపొరుగును పిలిస్తే బాగుండేదంది.

అతను కళ్లద్దాల షాపులో పనిచేస్తాడు. మనిషి మెట్లెక్కుతుండగానే ఆ ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పేస్తాడు. తన బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ చూపు ఎటో పోతుంది.

వంపు తిరిగిన హ్యాండిల్ కొన్నాడు, భుజాలు పట్టేశాయి. ఎత్తు సీటు కొన్నాడు, కాళ్లు నేలకు అందలేదు. కొన్న ప్రతిదీ నాలుగు రోజులు మురిపించి మంచం కిందికి చేరేది. మంచం కాస్త ఎత్తు పెరిగిందని భార్య అనుమానం.

పెట్టెలు విప్పేసి, ఈసారి హెల్మెట్‌కు తగిలించుకుని మాట్లాడే పరికరం తెచ్చాడు. ఇలాంటిదే పెట్టుకున్నవాళ్లు దగ్గర్లో ఉంటే వాళ్ల మాట వినిపిస్తుందని షాపువాడు చెప్పాడు.

"మీతో మాట్లాడటానికి రోడ్డున పోయేవాళ్లు కావాల్సొచ్చారా?" అంది భార్య.

మొదట్లో ఎవరూ పలకలేదు. ఒకరోజు ఉదయం షాపుకు వెళ్తుంటే, లారీలు తిరిగే మలుపు ముందు, చెవిలో ఎవరో అన్నారు.

"అన్నా, నిదానం. ఇసుక పడి ఉంది."

బ్రేకు వేశాడు. మలుపు తిరిగితే రోడ్డంతా నిజంగానే ఇసుక.

ముందు ఎవరూ లేరు. వెనకా లేరు.

ఆనాటి నుంచి ఆ మలుపు దగ్గర రోజూ ఆ గొంతు వచ్చేది. లారీ వస్తోందనో, కుక్క అడ్డంగా పడుకుందనో చెప్పేది. కాస్త దూరం పోగానే ఆగిపోయేది.

బండికి రంగురంగుల లైట్లు బిగించిన రోజు, "సర్కస్ వాళ్లేమో అనుకున్నానన్నా" అంది.

సాయంత్రమే లైట్లు పీకేశాడు. తర్వాత ఆ గొంతు చెప్పిందని పాత హ్యాండిల్ వేయించాడు, పాత సీటు ఎక్కించాడు. భుజాల నొప్పి పోయింది. కొనడం కూడా తగ్గింది. అదంతా తన పోరు ఫలితమని భార్య అనుకుంది.

అంతా బాగానే ఉండగా ఒక సంగతి అతనికి తట్టింది.

బండి మీద పోయేవాడి మాటలో గాలి రొద ఉంటుంది.

ఆ గొంతులో గాలి లేదు.

మర్నాడు మలుపు దగ్గర అడిగాడు.

"ఎక్కడున్నావు తమ్ముడూ?"

"ఇక్కడే."

"ఎటు పోతున్నావు?"

"నేనెటూ పోనన్నా."

ధైర్యం తెచ్చుకుని, ఓసారి మా షాపుకు రా, టీ తాగుదాం అన్నాడు.

"నేను రాలేను. నువ్వే రావాలి నా దగ్గరికి."

ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. మరో రోజు భార్యను ఎక్కించుకుని అదే దారిన వెళ్లాల్సి వచ్చింది.

"అన్నా, వదినను చున్నీ పైకి లాక్కోమను. చక్రంలో పడేలా ఉంది."

చెప్పాడు. లాక్కుంది. ఇంటికి చేరాక, వెనక్కి తిరగకుండా మీకెలా కనిపించిందని అడిగింది.

దాచలేక అంతా చెప్పేశాడు.

భార్య ఆ పరికరాన్ని బల్లమీద పెట్టి, దానిపై గిన్నె బోర్లించి, గిన్నె మీద ఇస్త్రీపెట్టె పెట్టింది.

"నువ్వే రావాలి అన్నాడా?" అంది. "రేపే ఇచ్చేసి రండి."

షాపువాడు దాన్ని తీసుకుని బదులుగా చేతి తొడుగులు ఇచ్చాడు. అవి ఒక సైజు చిన్నవి.

హెల్మెట్‌లో ఇక ఏ చప్పుడూ లేదు. అయినా మలుపు దగ్గరికి రాగానే ఎవరో తననే చూస్తున్నట్టు అనిపించేది. తల ఎత్తకుండా, వేగం పెంచి దాటేసేవాడు.

అలా దాటుతూ ఒకరోజు ఇసుకలో జారాడు.

బండి ఒకవైపు, తను ఒకవైపు. వెనక వస్తున్న లారీ అతని కాళ్ల దగ్గరికొచ్చి ఆగింది.

మలుపులోని మేడ మీంచి ఒకావిడ పరుగున దిగొచ్చింది. రెక్క పట్టుకుని పైకి తీసుకెళ్లి, కిటికీ పక్కనున్న మంచం మీద కూర్చోబెట్టి, మోకాలు కడిగి గుడ్డ కట్టింది.

కిటికీలోంచి రోడ్డు రెండువైపులా బారుగా కనిపిస్తోంది. లారీలు, కుక్కలు, ఇసుక, కింద పడున్న తన బండి.

ఇటు తిరిగితే, తలగడ మీద ఒక హెల్మెట్. దానికి తను తిరిగిచ్చేసిన పరికరం లాంటిదే ఉంది.

అతను దానివైపు వంగి చూశాడు.

ఆవిడ అతని చూపు ఎక్కడుందో గమనించింది. కిందనున్న బండిని చూసింది. మళ్లీ అతన్ని చూసింది.

"మా తమ్ముడు రోజూ అన్నా అన్నా అని పిలిచింది మిమ్మల్నేనా?"

అతను తలూపాడు.

"ఈ మలుపులోనే పడి మెడ కిందంతా చచ్చుబడిపోయాక, పొద్దున్నే ఇది పెట్టించుకుని కిటికీ దగ్గర పడుకునేవాడండీ. మీరు పలకడం మానేసినా సరే, మొన్న పోయేదాకా మీ బండి కనిపించిన ప్రతిసారీ, నిదానం అన్నా అని చెబుతూనే ఉన్నాడు."