జాబితాలో లేని మొక్క

"ఇవి మొక్కల పేర్లు కావమ్మా, ఓటర్ల లిస్టులా ఉంది" అన్నారు గణేష్‌బాబు గారు, ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని.

రాజమహేంద్రవరంలో ఓ యూనివర్సిటీ. భాషనీ కంప్యూటర్‌నీ కలిపి పరిశోధన చేసేవాళ్ళకి ఇచ్చే ఫెలోషిప్ ఒకే ఒక్కటి ఉంది. దానికే ఈ ఇంటర్వ్యూ. గణేష్‌బాబు గారు ఆ విభాగానికి అధిపతి. ఆయన పక్కన కూర్చున్న రామలక్ష్మి గారు విశాఖ నుంచి వచ్చిన నిపుణురాలు. ఎదురుగా పావని.

పావని తెలుగు ఎమ్మే. కోడింగ్ ఎవరూ నేర్పకుండా నేర్చుకుంది. ఇది మూడో ఇంటర్వ్యూ. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. ఆ తర్వాత ఎంత తెలివున్నా ఆన్‌లైన్ ఫారం ఆమె పుట్టినతేదీ దగ్గరే ఆగిపోతుంది.

కడియం నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళు మొక్కలకి తమలో తాము పెట్టుకున్న పేర్లు రెండువందల పన్నెండు సేకరించింది పావని. ఆకు ఫొటో చూపిస్తే ఆ పేరు చెప్పేలా ప్రోగ్రాం కూడా రాసింది. ఎర్రాకుల క్రోటన్ చూపిస్తే 'వీరవేణి' అంటుంది. తెల్లపూల తీగ చూపిస్తే 'పాపాయమ్మ' అంటుంది. ఒళ్ళంతా ముళ్ళున్న మొక్క పేరు 'చిట్టియ్య'.

గణేష్‌బాబు గారు చెడ్డవారేమీ కాదు. కిందటేడు ఒక విద్యార్థి ఇంట్లో కూర్చుని కల్పించిన మాటల జాబితా మీద ఆయన సంతకం పెట్టి, నలుగురిలో తలవంచుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏ జాబితా చూసినా ఆయనకి గుండె దడ.

"చుట్టాల పేర్లన్నీ రాసేస్తే పరిశోధన అవుతుందా?" అని అడిగారు.

పావని ఓపిగ్గానే చెప్పింది. కొత్త రకాలు ఎక్కడెక్కడినుంచో లారీల్లో వస్తాయి. వాటి ఇంగ్లీషు పేర్లు పలకడానికి అక్కడ ఎవరికీ నోరు తిరగదు. అందుకని కొత్త రకం మొదట ఎవరి చేతిలో బతికితే వాళ్ళ పేరే దానికి పెట్టేస్తారు. చిట్టియ్య లోడు ఎత్తే మనిషి, ఎవరూ ముట్టుకోని ముళ్ళ మొక్కని అతనే బతికించాడు. ఇదంతా రెండేళ్ళ కిందట నాలుగు నెలలు అక్కడ తిరిగి తెలుసుకున్నానని, అక్కడివాళ్ళు పని ఆపి మాట్లాడరు కాబట్టి తనూ వాళ్ళ పక్కన కూర్చుని కవర్లలో మట్టి నింపుతూ, కొమ్మలు గుచ్చుతూ రాసుకున్నానని చెప్పింది.

ఆయనకి నమ్మకం కుదరలేదు. కిటికీలో ఉన్న కుండీ తెచ్చి బల్లమీద పెట్టారు. ముదురాకుపచ్చ ఆకులు, వాటిమీద గులాబీరంగు చుక్కలు. పోయిన వారమే కడియంలో కొన్నారట. దాన్ని ప్రోగ్రాంకి చూపించమన్నారు.

పావని ఫొటో తీసింది. కంప్యూటర్ కాసేపు గింజుకుని 'ఈ మొక్క జాబితాలో లేదు' అని చూపించింది.

"పోనీ నువ్వు చెప్పు. ఎప్పుడైనా చూశావా?"

అబద్ధమాడొచ్చు. ఏదో ఒక ఆడమనిషి పేరు చెప్పేస్తే ఎవరు వెళ్ళి అడుగుతారు? కానీ పావనికి నోరు రాలేదు. ఎప్పుడూ చూడలేదండీ అంది. గణేష్‌బాబు గారు ల్యాప్‌టాప్ మూత వేసేశారు.

రామలక్ష్మి గారికి మనసొప్పలేదు. జాబితాలో పేర్లు చెప్పినవాళ్ళ ఫోన్ నంబర్లున్నాయి కదా, ఒక్కరిని అడిగి చూద్దామన్నారు. మొదటి పేరు అమ్మణ్ణి, పాతికేళ్ళుగా నర్సరీలో పనిచేస్తున్న మనిషి. పావని కనపడకూడదు, మాట్లాడకూడదు అని షరతు పెట్టి, గణేష్‌బాబు గారే తన ఫోన్ నుంచి వీడియో కాల్ చేశారు. పావని గోడవారగా కుర్చీ జరుపుకుని పెదవి కరుచుకుని కూర్చుంది.

తెరమీద తలకి తువ్వాలు చుట్టుకున్న ఆడమనిషి కనిపించింది. మొక్కలు కావాలాండి, ఎన్ని కావాలండి అని అడిగింది. గణేష్‌బాబు గారు కుండీని ఫోన్‌కి చూపించి దీని పేరేంటని అడిగారు.

"ఇంగ్లీషులో ఏదో ఉందండి. నాకు నోరు తిరగదు. మా ఓనరు గారిని అడగండి."

గణేష్‌బాబు గారు ఫోన్ పెట్టేయబోయారు. రామలక్ష్మి గారు చెయ్యి అడ్డం పెట్టి, ఇంగ్లీషు పేరు కాదమ్మా, మీలో మీరు ఏమని పిలుచుకుంటారో చెప్పమన్నారు.

అమ్మణ్ణి సిగ్గుపడింది. అదెందుకులెండి, వింటే నవ్వుతారు అంది. నవ్వం చెప్పమ్మా అన్నాక, తువ్వాలు సరిచేసుకుని మొదలుపెట్టింది.

"రెండేళ్ళ కిందట బెంగుళూరు నుంచి ఒక కట్ట కొమ్మలొచ్చాయండి. ఆకు కూడా లేదు, ఉత్త పుల్లలు. మేం గుచ్చినవన్నీ కుళ్ళిపోయాయి. అప్పుడు మా దగ్గర ఊసులు రాసుకోడానికి చదువుకునే అమ్మాయి ఒకావిడ వస్తుండేదండి. ఊరికే కూర్చోడం ఎందుకని ఆవిడ చేతికీ ఓ పుల్ల ఇచ్చాం. ఆవిడ వెళ్ళిపోయాక చూస్తే అదొక్కటే చిగురేసిందండి. ఇప్పుడు తోటంతా దాని కొమ్మలే."

"ఇంతకీ పేరు?" అన్నారు గణేష్‌బాబు గారు.

"పావని అంటామండి."