లైన్లో ఉన్న అమ్మాయి

సుభద్ర రిసీవర్‌ని చెవికి నొక్కిపెట్టుకుని తిడుతోంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వెయిట్, వెయిట్, వెయిట్! ఇంకో మాట రాదా నీకు?"

అవతల మనిషి లేదు. సింగపూర్‌లో పాయా లేబర్ అనే పేటలో ఉన్న ఒక కంపెనీ ఫోన్ లైన్లో టేపు తిరుగుతోంది. ఆ సంగతి సుభద్రకీ తెలుసు. అయినా తిడుతోంది. నాలుగు రోజులుగా అదే పని.

"గా పిల్లనెందుకు తిడ్తున్నవ్ సుభద్రా?" అంది హుమా. అదే ఫ్లాట్‌లో రెండో గదిలో అద్దెకుండే హైదరాబాదు అమ్మాయి, యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. "ఎవరో రాసిచ్చిన్రు, చదివింది. దాని తప్పేమున్నది పాపం?"

"అదే తప్పు! రాసిస్తే చదివేయడమేనా? ఎంతసేపు వెయిట్ చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అని ఒక్క ముక్క అడగొద్దూ? నోట్లో నాలుక లేదా?"

"నువ్వయితే అడుగుతుంటివా?"

సుభద్ర లైన్ కట్ చేసింది. మళ్ళీ నంబరు నొక్కింది.

అది రెండు వేల సంవత్సరం. కంప్యూటరు నాలుగు ముక్కలు వచ్చినవాళ్ళని సింగపూర్ పిలిచి పీట వేస్తున్న రోజులు. ఆ పీట ఎవరిదో మాత్రం అడక్కూడదు. సుభద్రని ఒక ఏజెన్సీ తెనాలి నుంచి తీసుకొచ్చి ఈ కంపెనీలో కూర్చోబెట్టింది. ఎనిమిది నెలలు ప్రోగ్రాములు రాసింది. అడిగిన పనల్లా చేసింది, తనది కాని పని కూడా. ప్రాజెక్టు అయిపోయింది. ఏజెన్సీ బోర్డు తిప్పేసింది. టీములోవాళ్ళు జీతం ఎక్కువిచ్చే చోటు చూసుకుని తలో దిక్కుకీ ఎగిరిపోయారు.

సుభద్రకీ వేరే చోట ఉద్యోగం వచ్చింది. వాళ్ళు ఒక్కటే అడిగారు. ఎనిమిది నెలలు అక్కడ పనిచేసిందని కంపెనీ ఇచ్చే కాగితం. అదీ ఈ సాయంత్రం ఐదు లోపు. కాగితం లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాసు లేదు. పాసు లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

నాలుగు రోజుల్లో ఆ ఒక్క ఇంగ్లీషు మాటకి ఎన్ని అర్థాలున్నాయో సుభద్రకి బాగా తెలిసొచ్చింది. "ప్లీజ్ వెయిట్" అంటే సీట్లో ఎవరూ లేరు. "కైండ్లీ వెయిట్" అంటే ఉన్నారు గానీ ఎత్తరు. "థాంక్యూ ఫర్ వెయిటింగ్" అంటే ఇప్పటిదాకా చేసింది చాల్లేదు, మళ్ళీ మొదట్నుంచి చెయ్యి. ఆ మూడోదాని చివర ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తుంది కూడా. ఆ రోజు జలుబు చేసి ఉంటుంది. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా సుభద్రకి ఒళ్ళు మండిపోతోంది.

మధ్యాహ్నం రెండున్నరకి రిసీవర్ ఠపీమని పెట్టేసింది.

"ఇంక చాలు. వెయిట్ చేసిందీ చాలు, చేయించిందీ చాలు."

"ఏడికి?" అంది హుమా.

"వాళ్ళ నెత్తి మీదికే!"

ఫ్లాట్ ఉన్న జురాంగ్ వెస్ట్ నుంచి బస్సు, ఆ పైన రైలు. దారి పొడుగునా ఏం అనాలో వల్లె వేసుకుంటూనే ఉంది. తీరా వెళ్ళేసరికి రిసెప్షన్‌లో అమ్మాయి తల కూడా ఎత్తకుండా కుర్చీ చూపించింది.

"వెయిట్ లా," అంది సింగపూర్ యాసలో.

"నో వెయిట్ లా," అని సుభద్ర తిన్నగా మేనేజరు గదిలోకి నడిచింది.

మేనేజరు గురునాథం తెలుగువాడే. ఈ కంపెనీకి వచ్చి రెండు నెలలు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు, కంప్యూటర్లో వెతికాడు, తల అడ్డంగా ఊపాడు.

"మీ పేరు మా దాంట్లో లేదమ్మా. ఏజెన్సీవాళ్ళని అడగండి."

"ఏజెన్సీ ఎక్కడుందండీ అడగడానికి? పనిచేసింది ఇక్కడ. మీకు."

"ఆ మాట మీరంటున్నారు. రేపు ఇంకొకరొచ్చి నేనూ చేశానంటారు. అందరికీ రాసిచ్చుకుంటూ పోనా? ఋజువేదైనా ఉందా? బ్యాడ్జి ఉందా?"

"వెళ్ళే రోజున మీవాళ్ళే లాక్కున్నారు."

"మరి నన్నేం చెయ్యమంటారు? పైకి రాస్తాను. మీరు కొంచెం వెయిట్ చెయ్యండి."

గోడ మీద గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

సుభద్ర లేవలేదు సరికదా, కుర్చీని ఇంకాస్త ముందుకి లాక్కుంది.

"చెయ్యను! కాగితం నా చేతిలో పడేదాకా ఈ కుర్చీ వదిలితే ఒట్టు. సెక్యూరిటీని పిలుస్తారా? పిలవండి. ఎనిమిది నెలలు చాకిరీ చేయించుకుని, ఇప్పుడు నువ్వెవరంటే నోరు మూసుకుని పోతాననుకున్నారా?"

"అరవకండమ్మా, అందరూ చూస్తున్నారు!"

"చూడనివ్వండి. బయటివాళ్ళు మీకు ఫోన్ చేసే నంబరుంది కదా, దానికి మీరెప్పుడైనా చేశారా?"

"మా ఆఫీసుకి నేనెందుకు చేసుకుంటాను?"

"ఇప్పుడు చెయ్యండి. స్పీకర్ పెట్టి మరీ చెయ్యండి."

గురునాథం ఆవిడని ఎగాదిగా చూశాడు. ఈ పీడ ఇలాగైనా వదులుతుందనుకున్నాడో ఏమో, బటన్లు నొక్కాడు. రింగయింది. ప్లీజ్ వెయిట్ అయింది. కైండ్లీ వెయిట్ అయింది. సుభద్ర కుర్చీ అంచుకి జరిగి, ఆయన కళ్ళలోకి చూస్తూ నోరు తెరిచింది.

"థాంక్యూ ఫర్ వెయిటింగ్" అని స్పీకర్లోంచీ, కుర్చీలోంచీ ఒకేసారి ఒకే గొంతు వినిపించింది, చివర్న ముక్కు ఎగబీల్చిన చప్పుడుతో సహా.