ఉత్త ప్రాక్టీసే భువనా

“ఇంజన్ ఆయనే ఆపేసినాడు మేడం. కావాలనే ఆపినాడు.”

విచారణాధికారి అరుణజ్యోతి తలెత్తకుండా రాసుకుంటోంది. ఎదురుగా భువన, మెడకు పట్టీతో బిర్రుగా కూర్చుంది.

ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇంటి పిల్ల. హెలికాప్టర్ నడపడం నేర్చుకోవడానికి చేరి ఎనిమిది నెలలైంది. నేర్పేది కెప్టెన్ దేవేంద్రప్ప. మాట కరుకు. కిందటి నెల గాల్లో ప్రమాద హెచ్చరిక హారన్ మోగితే భువన భయంతో బిగుసుకుపోయి కంట్రోల్ స్టిక్ వదల్లేదు. దాన్ని విడిపించడానికి ఆయన ఆమె వేళ్ళు పీకినంత పని చేశాడు. దిగాక అందరి ముందూ తిట్టాడు. భువన ఊరుకోక ఆయన మీద ఫిర్యాదు రాసిచ్చింది. ఇదంతా ఆ కక్షేనని ఆమె అనుమానం.

ప్రమాదం జరిగిన రోజు ఇద్దరూ హెలికాప్టర్లో కడప నుంచి తిరిగొస్తున్నారు. మైదుకూరు దాటాక ఉన్నట్టుండి ఇంజన్ చప్పుడు పోయింది.

“ఉత్త ప్రాక్టీసే భువనా. నేను దించుతా. నువ్వు చేతులు తీసి చూస్తాండు” అన్నాడాయన తాపీగా.

ఆమె చేతులు తీసేసింది. ఈ ప్రాక్టీసు కొత్తేం కాదు. ఇంజన్ తగ్గించి, పైరెక్కల తిరుగుడు మీదే కిందికి జారి, నేల దగ్గరయ్యాక మళ్ళీ ఇంజన్ పెంచి లేవాలి. ఈసారి లేవలేదు. ఉల్లిగడ్డ తవ్విన చేలో దబ్బున పడి, ఆయన కూర్చున్న వైపుకే ఒరిగింది.

“స్కూలు మైదానంలో చేయాల్సింది చేలల్లో ఎందుకు చేసినాడు మేడం? ముందుగా ఒక్క మాటైనా చెప్పల్యా. ప్రాక్టీసులో ఇంజన్ పూర్తిగా ఆపకూడదు. ఇంజన్ మీటర్ సూది సున్నా మీదుండాది. నేను చూసినా.”

“ఆసుపత్రిలో ఆయన్ని అడిగినావా?”

“అడిగినా. నడుముకు కట్లతో పండుకోనుండాడు. ఎందుకాపినారు సార్ అంటే, ‘మళ్ళా ఎప్పుడు ఎగురుతావు?’ అంటాడు. తప్పు చేయనోడైతే జవాబు చెప్పడా?”

భువన బల్ల మీద చెయ్యి చరిచింది. “ఆయన లైసెన్సు తీసేయాల. ల్యాకుంటే ఇంకో పిల్లను చంపుతాడు.”

అరుణజ్యోతి పెన్ను కింద పెట్టింది. పక్కనున్న ఫైల్లోంచి మెకానిక్కుల రిపోర్టు తీసి, మెల్లగా ఆమె ముందుకు జరిపింది.

“ఆయన ఆపలేదమ్మా, ఇంజన్ గాల్లోనే దానంతటదే ఆగిపోయింది.”