ఈసారి గేమ్ బాగాలేదు

“కాలు కదుపకు తమ్మీ! కదిపితే పైనున్నది జారుతది.”

చీకట్లోంచి ఆ గొంతు వినగానే సిద్ధార్థ ఏడుపు ఆపాడు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే నలుపు. నోటి నిండా సిమెంటు దుమ్ము. కుడికాలి మీద ఏదో బరువైనది పడి ఉంది. ఛాతీకి బెత్తెడు ఎత్తులో స్లాబు. గట్టిగా ఊపిరి పీలిస్తే చొక్కా దానికి రాసుకుంటోంది.

కామత్‌ఘర్‌ అనే మగ్గాల బస్తీలోని ఆ పాత బిల్డింగులో కింద మరమగ్గాలు, పైన అద్దె గదులు. వారపు సెలవు కాబట్టి మగ్గాలు ఆగి ఉన్నాయి. ఆ నిశ్శబ్దం చూసుకునే సిద్ధార్థ తలుపు వేసుకుని ఫోన్లో వీడియో రికార్డు చేయడం మొదలుపెట్టాడు. నేల ఊగింది. అంతే గుర్తుంది.

“ఎవరు?” అన్నాడు.

“మల్లేశం. పక్క కార్ఖానాల పనిచేస్త. సందు కనవడితే దూరిన. అన్నా అని పిలువు.”

“మా అవ్వ?”

“కూరగాయలకు పోయిందట. బయటనే ఉన్నది, మంచిగున్నది. నీ పేరు మీ అవ్వ ఓదెమ్మనే చెప్పింది.”

ఇటుకల సందులోంచి ఒక చెయ్యి వచ్చి తడుముతూ అతని వేళ్లను పట్టుకుంది. సిద్ధార్థ ఆ చేతిని వదల్లేదు.

“నన్ను గుంజు అన్నా!”

“నా ఒక్కనితోని కాదు. ఫైర్ బ్రిగేడోల్లు వచ్చిండ్రు, కోసుకుంట వస్తున్నరు. అప్పటిదాక మాట్లాడు. ఇంట్ల ఏం చేస్తుంటివి?”

“వీడియో... యూట్యూబ్‌ల పెడ్త. బాస్కెట్‌బాల్ గేమ్ ఉంటది గద, ఏటా కొత్తది వస్తది... దాని మీద.”

“అదా! నేను రోజు ఆడుత. ఈసారిది నంబర్ వన్ ఉన్నది.”

అంత భయంలోనూ సిద్ధార్థకు ఒళ్లు మండింది. “నంబర్ వనా? పోయినేడు దానికే కొత్త అంగీ తొడిగిండ్రు, గంతే!”

“తొడిగితే ఏమైంది? నేను ఎక్కడ నిలవడి ఏసినా బాల్ పడుతది.”

“ఝూట్! ఈసారి టైమింగ్ కష్టం చేసిండ్రు. బటన్ ఎప్పుడు ఇడవాల్నో తెల్వకపోతే ఒక్కటి పడదు.”

“నాకైతే పడుతది మరి.”

పైన ఎక్కడో కట్టర్ గీపెట్టింది. స్లాబు కదిలి, చొక్కా మీదికి దిగింది. ముఖం మీద కంకర రాలింది. సిద్ధార్థ గొంతు చించుకుని అరిచాడు.

“ఆపుండ్రి! మిషన్ ఆపుండ్రి!” అని మల్లేశం వెనక్కి కేకేశాడు. కట్టర్ ఆగింది. సిద్ధార్థ ఆ చేతిని అవతలికి నెట్టబోయాడు.

“నువ్వు పో అన్నా. కూలుతది.”

“పోత, పోత. ముందుగాల జవాబు చెప్పు. గంత చెడ్డగుంటే జనం ఎందుకు కొంటున్నరు?”

“వేరే గేమ్ లేదు గద! అదే వాళ్ల ధీమా.” సిద్ధార్థ దగ్గుతూ చెప్పాడు. “పైసలు పెట్టినోని ప్లేయరే జోరుగ ఉంటడు. కొన్నేండ్లయినంక పాతదాని సర్వర్ బంద్ చేస్తరు. ఆన్‌లైన్‌ల పెంచుకున్న ప్లేయర్ మాయమైతడు. కామెంట్రీ అయితే చెప్పిందే చెప్తరు. నా ముఖం స్కాన్ చేస్తే మా మామ లెక్క వచ్చింది!”

“అయితే మంచి అనేది ఏం లేదంటవ్.”

సిద్ధార్థ ముక్కు ఎగబీల్చాడు. కన్నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి.

“ఉన్నది,” అన్నాడు మెల్లగా. “బూట్లు నేలకు రాసుకునే చప్పుడు ఉంటది సూడు, అసలు లెక్కనే ఉంటది. ఆట సాగినకొద్ది మెడల మీద చెమట మెరుస్తది. ఒక్కో ఆటగాడు బాల్ ఏసే తీరు వేరే. కండ్లు మూసుకున్నా ఎవరేసిండ్రో నాకు ఎరుకైతది.”

“మూసుకోకు! కండ్లు తెరువు!”

“నిద్రొస్తుందన్నా. కాలు నొస్తలేదు ఇప్పుడు.”

మల్లేశం పట్టు బిగిసింది. మాట మాత్రం ఎగతాళిగా వచ్చింది. “సరే, పండుకో. ఆట రానోడే గేమ్‌ను తిడుతడు. బయటికి పోయి గదే చెప్త అందరికి.”

“నాకు రాదా?” సిద్ధార్థ కళ్లు తెరిచాడు. “మా గల్లీల నన్ను గెలిచినోడు లేడు! నువ్వు డిఫెన్స్ ఎట్ల ఆడుతవో చెప్పు ముందు!”

“డిఫెన్స్ ఎందుకు? నేను ఆడనే ఆడ.”

“డిఫెన్స్ లేకుంట మ్యాచ్ ఎట్ల గెలుస్తవ్? పిచ్చోనివా?”

“గెలుస్త గద రోజు!”

తిట్టుకుంటూ, దగ్గుతూ, మధ్యమధ్య “అవ్వా” అని ఏడుస్తూ సిద్ధార్థ వాదిస్తూనే ఉన్నాడు. ఏది చెప్పినా మల్లేశం అడ్డం తిరిగాడు. మాట తడబడితే చాలు, ఇంకో మాటతో గుచ్చాడు. చివరికి తల దగ్గర రంధ్రం పడి, టార్చి వెలుగు కళ్లలో గుచ్చుకుంది. కాలి మీది దూలాన్ని జాకీతో లేపారు. నొప్పి మళ్లీ తెలిసింది. గావుకేక పెట్టాడు.

ఎండలో స్ట్రెచర్ దించగానే తల్లి ఓదెమ్మ అతని ముఖం మీద పడి ఏడ్చింది. కాలు విరిగిందని, తీసేయాల్సిన అవసరం ఉండదని డాక్టరు చెప్పాడు.

“మల్లేశమన్న ఏడి అవ్వా?”

చిరిగిన బనియన్‌తో, మోచేతుల నుంచి రక్తం కారుతుండగా, సందులోంచి ఒక బక్క మనిషి వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చాడు. బోసినోరు. సిద్ధార్థ తాత వయసుంటుంది. లేవబోయి కూలబడి, చేతుల మీద దేకుతూ స్ట్రెచర్ దాకా వచ్చాడు.

సిద్ధార్థ అతని చెయ్యి పట్టుకున్నాడు. “నీ ఐడీ చెప్పు. నాతోని ఒక్క మ్యాచ్ ఆడు. ఎట్ల గెలుస్తవో సూస్త.”

మల్లేశం ఎండిపోయిన పెదాలు తడుపుకుని, ఎవరూ వినకుండా అతని చెవి దగ్గరికి వంగాడు.

“బాస్కెట్‌బాల్ అంటే ఏంది బిడ్డా?”