మీసాల మాస్టారి ఫిర్యాదు

"మీ పిల్లకి నోరెక్కువమ్మా!"

తలుపు తెరిచీ తెరవకముందే మాస్టారు అందుకున్నారు. ముప్ఫై ఏళ్ళు బడిలో డ్రిల్లు చేయించి రిటైరైన మనిషి. బడి వదిలినా బెత్తం వదల్లేదు. పై వాటాలో దిగి మూడు రోజులే అయింది.

పిల్ల పెద్దమ్మ చేతిలో గరిటె కిందపడింది. "ఎవరికి? మా పిల్లకా?"

"ఇంకెవరికి? మెట్ల మీద కుక్కపిల్ల నా బూటు కొరికింది. బెత్తం ఎత్తానో లేదో, తొమ్మిదేళ్ళ పిల్ల చేతులు చాపి అడ్డం నిలబడింది!"

"నిలబడి?"

"'మీసాల తాతా, దాన్నెందుకు కొడతావ్? నీకు బుద్ధుందా?' అంది. నన్ను!"

"ఏవండీ! ఆ మిక్సీ ఆపి ఇలా రండి" అని పెద్దమ్మ కేకేసింది. "మాస్టారూ, మళ్ళీ చెప్పండి. ఒక్క ముక్క పోకుండా."

మాస్టారు మీసం సవరించుకుని మళ్ళీ చెప్పారు.

"గట్టిగానే అందా?" పెద్దనాన్న అడిగాడు.

"వీధి చివరిదాకా వినబడింది! ఇదేనా పెంపకం?"

"మా మరదలి కూతురండీ" అన్నాడు పెద్దనాన్న. "మా దగ్గరికొచ్చి పది నెలలే. అక్కడ వాళ్ళ నాన్న బెల్టు తీస్తే మంచం కింద దూరేది."

"చూశారా! అక్కడ భయమన్నా ఉండేది. మీ దగ్గరే చెడింది."

"అవునండీ, మా దగ్గరే!" పెద్దమ్మ మొహం వెలిగిపోయింది.

ఇదేం కొంపరా బాబూ అనుకున్నారు మాస్టారు. ఫ్రిజ్ తలుపు నిండా అన్నం, నీళ్ళు, భయం అని రాసిన బొమ్మల అట్టలు. గోడమేకుకి పలక, దానికి దారంతో కట్టిన బలపం. చదువుకేం లోటు లేదు, లేనిదల్లా మర్యాదే.

"మొక్కై వంగనిది మానై వంగునా? పిల్ల నాకు క్షమాపణ చెప్పాలి. లేదా ఇంటి ఓనరు దాకా వెళ్తాను!"

"చెప్పిస్తాం. ముందు మీరు పిల్లని చూసే డాక్టరమ్మకి చెప్పండి" అంటూ పెద్దమ్మ ఫోను కలిపింది.

ఆవిడెవరో తీర్పు చెబుతుందనుకుని మాస్టారు మూడోసారి అప్పజెప్పారు. అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"'దాన్నెందుకు కొడతావ్' అనే అందా?"

"అక్షరం పొల్లు పోలేదు!"

పెద్దనాన్న అమాంతం ఆయన్ని వాటేసుకున్నాడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

"నేను ఫిర్యాదుకొస్తే మీకు పండగలా ఉందేంటి?"

పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పిల్ల మా ఇంటికొచ్చాక నోరు విప్పింది ఇవాళేనండీ."